పాల వ్యాను అద్దాలూ, ఊరి ఇరుకు దారులూ

పొద్దున్నే పాల వ్యాను ఊళ్ళోకి వస్తుంది. కేంద్రం దగ్గర క్యాన్లు ఎక్కించుకుని శీతల కేంద్రానికి బయలుదేరుతుంది. ఈ రాకపోకలు ఎంత సాఫీగా సాగితే మన పాలు అంత బాగా చేరతాయని సభ్యులందరికీ తెలిసిందే. పితికిన పాలు పశువు ఒంటి వేడితోనే ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటలోపే రెట్టింపు కాగలవు. అందుకే పాలను వీలైనంత త్వరగా 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరచాలంటారు. దారిలో వ్యాను ఆగిపోతే ఆ నష్టం చివరికి సభ్యులకే చుట్టుకుంటుంది.

వ్యాను ఆలస్యానికి టైరు పంక్చరనీ, వర్షమనీ, డ్రైవరు రాలేదనీ కారణాలు చెప్పుకుంటాం. ఎవరూ లెక్కలోకి తీసుకోని కారణం ఇంకొకటి ఉంది. అది వ్యానుకు రెండు పక్కలా పొడుచుకు వచ్చే సైడు అద్దం. దీనివల్ల ఆలస్యంతో పాటు ప్రాణాపాయం కూడా కలగవచ్చు. అందుచేత దీన్ని గురించి సభ్యులు కొంత తెలుసుకోవడం అవసరం.

ఒక ఊళ్ళో జరిగిన సంగతి

నేను పాల రూట్ల మీద తిరిగే రోజుల్లో ఒక ఊళ్ళో చూశాను. కేంద్రానికి వెళ్ళే సందులో ఒక పక్క పశువుల పాక, రెండో పక్క కరెంటు స్తంభం ఉన్నాయి. ఒకనాడు వ్యాను ఎడమ అద్దం పాక చూరుకు తగిలి పగిలింది. తప్పు నీదంటే నీదని అరగంట వాదులాడుకున్నారు. మర్నాటి నుంచి డ్రైవరు కొత్త అద్దం బిగించుకుని, రెండు అద్దాలూ లోపలికి మడిచి రావడం మొదలుపెట్టాడు. ఎక్కడా ఏదీ తగలలేదు. గొడవ తీరిందని అందరూ సంతోషించారు.

నాలుగో రోజు కేంద్రం ముందు వ్యాను వెనక్కి తీస్తుండగా పాలు పోయడానికి వచ్చిన ఒక పెద్దమ్మ గట్టిగా కేకవేసింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. వ్యాను వెనక, మూరెడు దూరంలో, ఒక చిన్న పిల్లవాడు దొర్లిపోయిన క్యాను మూత ఏరుకుంటున్నాడు.

"అద్దంలో కనపడలేదా బాబూ?" అని అడిగింది పెద్దమ్మ.

"అద్దాలు మడిచే ఉన్నాయి పెద్దమ్మా. తెరిస్తే గోడకు తగులుతున్నాయని గొడవైంది గదా" అన్నాడు డ్రైవరు. అతని చేతులు వణుకుతున్నాయి.

"అద్దం పగిలితే ఇంకోటి కొంటాం. పిల్లాడికేమైనా అయితే ఎక్కణ్ణుంచి తెస్తాం నాయనా?" అంది ఆమె.

ఆ మాటకు ఎవరూ బదులు చెప్పలేకపోయారు. ఆ పిల్లవాడు వ్యాను పక్కనుంచే వెనక్కి నడిచి వెళ్ళాడు. అద్దం తెరిచి ఉంటే ఆ నడక డ్రైవరు కంట పడేదే.

అద్దం బయటికి ఎందుకు రావాలి?

"అద్దం చిన్నదిగా, బండిని అంటిపెట్టుకుని ఉంటే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. సరిపోదు. క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి వెనక దారి కనపడాలంటే, అద్దం బండిలో అన్నిటికంటె వెడల్పైన భాగాన్ని దాటి బయటికి ఉండాలి. లేకపోతే అందులో బండి ఒడలే కనిపిస్తుంది. మన పాల బళ్ళకు క్యాబిన్ ఒక వెడల్పు, వెనక కట్టించిన బాడీ మరొక వెడల్పు ఉండడం మామూలే. బాడీ పెద్దదైతే అద్దం కాడ కూడా పొడుగు కావలసి వస్తుంది.

అమెరికాలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ పెద్ద పికప్ బళ్ళ వెడల్పు సుమారు 2 మీటర్లు. వాటి వెనక పశువులను, యంత్రాలను, పడవలను తీసుకుపోయే ట్రైలర్లు తగిలిస్తారు. ఆ ట్రైలర్ల వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండవచ్చు. అంటే ట్రైలరు ఒక్కొక్క పక్కన జానెడుకు పైగా బయటికి వస్తుంది. దాన్ని దాటి వెనక్కి చూడడానికి ప్రత్యేకంగా వెడల్పు అద్దాలు చేశారు. ట్రైలరు ఉన్నప్పుడు వాటిని బయటికి లాగాలి, విప్పేశాక లోపలికి నెట్టాలి. చాలామంది ఆ రెండో పని మరిచిపోతారు. అప్పుడు వెనక ఏ ట్రైలరూ లేని బండి కూడా ఇరుకు పల్లె రోడ్ల మీద ట్రైలరంత వెడల్పుతో పోతూ, తపాలా పెట్టెలకూ ఎదురు బళ్ళ అద్దాలకూ తగులుతుంది. అవసరమైనప్పుడు తెరవడం, అవసరం లేనప్పుడు ముడవడం అనే అలవాటు అక్కడివారికి ఎంత ముఖ్యమో మనకూ అంతే ముఖ్యం.

కాగితం మీద వెడల్పు, రోడ్డు మీద వెడల్పు

ఇక్కడ సభ్యులు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం బండి వెడల్పు కొలిచేటప్పుడు సైడు అద్దాలను లెక్కలోకి తీసుకోరు. కనుక కాగితాల్లో ఎంత వెడల్పని రాసి ఉన్నా, దారిలో ఆ బండికి కావలసిన చోటు అంతకంటె ఎక్కువే.

ఒక లెక్క చూద్దాం. ఒక పికప్ వ్యాను ఒడలు 1.7 మీటర్లనుకోండి. ఒక్కొక్క అద్దం 20 సెంటీమీటర్లు బయటికి వచ్చిందనుకోండి. అద్దం చివరి నుంచి అద్దం చివరికి 2.1 మీటర్లు అవుతుంది.

ఇప్పుడు రోడ్డు సంగతి. 2000 సంవత్సరంలో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన ఊరి రోడ్ల తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. రాకపోకలు తక్కువగా ఉన్నచోట 3 మీటర్లే. 3.75 మీటర్ల రోడ్డు మీద ఇలాంటి వ్యాన్లు రెండు ఎదురెదురుగా వచ్చాయనుకోండి. రెండూ తారు అంచులకు జరిగాయి. రెండింటి ఒడళ్ళూ కలిపి 3.4 మీటర్లు. మధ్యన మిగిలింది 35 సెంటీమీటర్లు. "బారెడు జాగా ఉంది, పోనీ" అనిపిస్తుంది. కాని ఆ 35 సెంటీమీటర్ల జాగాలోకి రెండు కుడి అద్దాలు చొచ్చుకు వస్తాయి. రెండూ కలిస్తే 40 సెంటీమీటర్లు. ఒడలికి ఒడలు తగలదు గాని అద్దానికి అద్దం తగిలి తీరుతుంది.

అద్దం ఎత్తున ఉండేవేమిటి?

గోడకు తగిలితే అద్దం పగులుతుంది. మనిషికి తగిలితే మనిషి పడతాడు. వ్యాను అద్దం ఇంచుమించు నిలుచున్న మనిషి భుజం ఎత్తున ఉంటుంది. రోడ్డు అంచున సైకిలు మీద పోయేవాడి భుజమూ తలా, గేదె కొమ్ములూ, బడికి పోయే పిల్లల తలలూ ఆ ఎత్తుకు దగ్గరలోనే ఉంటాయి. పాల క్యాన్లు రెండు పక్కలా వేలాడదీసుకుని సైకిలు మీద వచ్చే సభ్యుడు తానే ఒక వెడల్పు బండి. వెనకనుంచి వ్యాను వస్తుంటే అతను పక్కకు జరిగినా క్యాన్లు జరగవు.

అందుకే అద్దానికి దెబ్బ తగిలినప్పుడు దానంతట అది మడత పడేట్టు కీలు ఉంటుంది. ఈ కీలు వదులైందని కొందరు అద్దాన్ని ఇనుప తీగతో బిగించి కడతారు. కొందరు వెల్డింగు చేయిస్తారు. ఇది చాలా ప్రమాదం. మడత పడని అద్దం మనిషికి తగిలినప్పుడు ఇనుప కడ్డీతో కొట్టినట్టే అవుతుంది. కీలు పాడైతే మార్పించాలి. పగిలిన అద్దం స్థానంలో ఇంట్లో ముఖం చూసుకునే అద్దం ముక్క అతికించడం కూడా తగదు.

ఉబ్బెత్తు అద్దం చూపే దూరం

చాలా బళ్ళకు బిగించే సైడు అద్దం కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. దానివల్ల ఎక్కువ మేర కనిపిస్తుంది. ఆ లాభంతో పాటే ఒక చిక్కు కూడా ఉంది. అందులో కనిపించేవన్నీ చిన్నవిగా, అసలు ఉన్నదానికంటె దూరంగా ఉన్నట్టు తోస్తాయి. అద్దంలో దూరంగా కనపడిన మోటారు సైకిలు నిజానికి మన పక్కకే వచ్చి ఉండవచ్చు. కాబట్టి అద్దంలో దూరంగా ఉందనిపించినా దగ్గరగా ఉన్నట్టే భావించి నడపాలి.

ఇంకొక సంగతి. అద్దాలు ఎంత బాగా అమర్చినా బండికి సరిగ్గా వెనక ఉన్న చోటు వాటిలో కనపడదు. దీన్ని మీ కేంద్రంలోనే పరీక్షించి చూడవచ్చు. వ్యానును ఆపించి, తాళం చెవి తీయించి, కార్యదర్శిని డ్రైవరు సీటులో కూర్చోబెట్టండి. ఒక ఖాళీ క్యానును వ్యాను వెనక పెట్టి కొంచెం కొంచెంగా పక్కకూ, వెనక్కూ జరపండి. అది అద్దంలో కనపడడం మొదలైన చోటల్లా ముగ్గుపిండితో గీత గీయండి. ఆ గీతల లోపల మిగిలిన జాగా ఎంతుందో సభ్యులందరికీ, ముఖ్యంగా పిల్లలకు చూపించండి. పది ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ గీత చెబుతుంది.

మడవడం ఎప్పుడు? తెరవడం ఎవరు?

ఇరుకు సందులో అద్దం మడవడం తప్పు కాదు. మడిచి నిదానంగా దాటడమే మంచిది. తప్పంతా తిరిగి తెరవకపోవడంలో ఉంది. ఎందుకు తెరవరు? డ్రైవరు కుడి పక్కన కూర్చుంటాడు. కుడి అద్దం అతని చేతికి అందుతుంది. ఎడమ అద్దం అందదు. దాన్ని చేత్తో తెరవాలంటే దిగి, బండి చుట్టూ తిరిగి రావాలి. రోజుకు పది ఊళ్ళు తిరిగే మనిషి పది సార్లు దిగి ఎక్కడానికి విసుగుపడి, రూటంతా ఎడమ అద్దం మడిచే నడుపుతాడు. బడి పిల్లలూ, సైకిళ్ళవాళ్ళూ నడిచేది కూడా సాధారణంగా ఆ ఎడమ పక్కనే.

దీనికి మందు డ్రైవరును తిట్టడం కాదు. సందు చివర అద్దం తెరిచే పని ఒకరికి అప్పగించాలి. వ్యానులో క్లీనరు ఉంటే అతనికి, లేకపోతే క్యాన్లు ఎక్కించే కేంద్రం సహాయకుడికి. రెండు అద్దాలూ తెరవనిదే వ్యాను వెనక్కి తీయకూడదనీ, కేంద్రం నుంచి బయలుదేరకూడదనీ పాలకవర్గం తీర్మానం చేసుకుంటే ఇంకా మంచిది.

వ్యాను వెనక్కి తీసేటప్పుడు ఒక మనిషి కింద నిలబడి దారి చెప్పాలి. అతను సరిగ్గా వెనక నిలబడకూడదు. కుడి పక్కగా, డ్రైవరుకు కనపడేట్టు నిలబడాలి. దీనికి సులువైన గుర్తు ఒకటి ఉంది. అద్దంలో మీకు డ్రైవరు ముఖం కనపడకపోతే డ్రైవరుకు మీరు కనపడనట్టే. అలాంటప్పుడు వెంటనే బండి ఆపమని కేకవేయాలి.

ఎదురు బండి వచ్చినప్పుడు

ఇరుకు రోడ్డు మీద రెండు బళ్ళు ఎదురుపడితే వెడల్పు జాగా ఎవరికి దగ్గరగా ఉందో వారు ఆగి దారి ఇవ్వడం మర్యాద. ఇద్దరూ ఆగి కుడి అద్దాలు చేత్తో మడుచుకుంటే అర నిమిషంలో దాటిపోవచ్చు. మొండికేస్తే అరగంట. కొండ దారుల్లో మాత్రం దీనికి నియమం ఉంది. రెండు బళ్ళు పట్టనిచోట దిగివచ్చే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. అరకు, పాడేరు వైపు ఘాట్ రోడ్లలో నడిపేవారికి ఇది బాగా తెలిసి ఉండాలి.

సభ్యులు చేయదగిన పనులు

దారి ఇరుకు కావడానికి ఊరివాళ్ళమైన మన చేతులూ కొంత కారణమే. కాబట్టి ఈ కింది పనులు మన వంతు.

1. వ్యాను అద్దం చివరి నుంచి అద్దం చివరికి కొలిచి, రెండు పక్కలా జానెడు చొప్పున కలిపి ఒక వెదురు కర్ర కోయించండి. పైన చెప్పిన లెక్కలో ఆ కర్ర సుమారు 2.5 మీటర్లు ఉంటుంది. దాన్ని భుజం ఎత్తున అడ్డంగా పట్టుకుని, రోడ్డు మొదలు నుంచి కేంద్రం దాకా నడవండి. కర్ర ఎక్కడ తగిలితే అక్కడ అద్దం ఇబ్బంది పడుతుంది.

2. కర్ర తగిలిన చోట చూరు వాసం ఉంటే కత్తిరించండి. చెట్టు కొమ్మ ఉంటే నరికించండి. పెంటకుప్ప, గడ్డివాము, రాళ్ళు ఉంటే జరిపించండి. గోడ, స్తంభం లాంటి జరపలేని వాటికి సున్నం పట్టీ వేయిస్తే మసక వెలుతురులో కూడా కనపడతాయి.

3. వ్యాను వచ్చే వేళకు మోటారు సైకిళ్ళు, ఎడ్ల బళ్ళు సందులో నిలపకండి. రోడ్డు మీద ధాన్యం ఎండబోస్తే సగం రోడ్డు పోయినట్టే.

4. పాలు పోసే వరుస వ్యాను నిలిచే చోటికి దూరంగా ఉండేట్టు చూడండి. పిల్లల చేతికి పాల చెంబిచ్చి పంపే తల్లులు ఈ సంగతి పిల్లలకు చెప్పండి.

5. సందు మరీ ఇరుకైతే వ్యానును ఊరి బయట వెడల్పు జాగాలో నిలిపి, క్యాన్లను తోపుడు బండి మీద అక్కడికి చేర్చడం గురించి ఆలోచించండి. నాలుగడుగులు నడక పెరిగినా రోజూ వచ్చే తంటా తప్పుతుంది.

నేను చెప్పిన ఆ ఊళ్ళో చివరకు చేసింది ఇదే. పాక యజమాని చూరు వాసాలు రెండు మూరల మేర కోయించాడు. కేంద్రం సహాయకుడు రోజూ ఎడమ అద్దం తెరిచి, "రైట్" అన్న తరువాతే వ్యాను కదిలేది. నేను ఆ రూటు మీద ఉన్నన్నాళ్ళూ ఆ సందులో మరి అద్దం పగలలేదు. పెద్దమ్మ మాత్రం పాలు పోసి ఊరికే ఇంటికి వెళ్ళేది కాదు. వ్యాను వెనక్కి తిరిగేదాకా నిలబడి, పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టి ఉంచేది.

ఇలాంటి కాపలా ప్రతి కేంద్రం దగ్గరా ఉండాలి. రేపు ఉదయం వ్యాను వచ్చినప్పుడు ముందుగా దాని రెండు అద్దాల వైపు చూడండి. మడిచి ఉంటే తెరిపించండి.