మార్జిన్ అంటే లాభమా, బయానానా?

బజారులో ఇంగ్లీషు మాటలకు కొదువ లేదు. లాటు, స్టాకు, టెండరు, కమీషను వంటివి ఎన్నడో తెలుగు మాటలైపోయాయి. వీటన్నిటిలో ఎక్కువ చిక్కులు తెచ్చిపెట్టేది మార్జిన్. ఈ మాట కిరాణా దుకాణంలో ఒక అర్థంతోను, బ్యాంకులో మరొక అర్థంతోను, ఫ్యూచర్స్ మార్కెట్లో వేరొక అర్థంతోను చెలామణీ అవుతున్నది. ఒకచోటి అర్థాన్ని మరొకచోటికి మోసుకుపోయినవారికి నష్టం తప్పడం లేదు.

అసలు ఈ మాటకు మూలార్థం అంచు. బడిపిల్లల నోటుపుస్తకంలో ఎడమపక్క గీత గీసి వదిలే జాగాయే మార్జిన్. ఎన్నికల ఫలితాల్లో గెలిచిన అభ్యర్థికి, ఓడిన అభ్యర్థికి మధ్య ఓట్ల తేడాను కూడా ఇదే మాటతో చెబుతారు. ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాల లోపు భూమి గలవారిని ప్రభుత్వ లెక్కల్లో మార్జినల్ రైతులంటారు. తెలుగులో సన్నకారు రైతులన్న మాట దానికి చక్కగా అమరింది. ధర మార్జినల్‌గా తగ్గిందంటే స్వల్పంగా తగ్గిందని అర్థం.

దుకాణదారు భాషలో మార్జిన్ అంటే కొన్న ధరకు, అమ్మిన ధరకు గల తేడా. రూ. 100కు కొన్న సరుకును రూ. 125కు అమ్మితే ఎంత మార్జిన్? ఇరవై అయిదు శాతమని చాలామంది తడుముకోకుండా చెబుతారు. కాని మార్జిన్‌ను అమ్మకం ధరపై లెక్కించడం ఆనవాయితీ. ఆ లెక్కన అది 20 శాతమే. కొన్న ధరపై లెక్కించేదాన్ని మార్కప్ అంటారు. ఈ తేడా తెలియక, పాతిక శాతం ఉన్నది గదా అని పండుగ రోజుల్లో 25 శాతం తగ్గింపు బోర్డు పెట్టినవారు సరుకును రూ. 93.75కు అమ్మినట్లు. అద్దె, కూలి, తరుగు అటుంచి, అసలుకే ఎసరు.

బ్యాంకు మార్జిన్ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. గోదాము రసీదుపై అప్పు తీసుకునే రైతు లేదా వ్యాపారి సరుకు విలువ రూ. 10 లక్షలనుకుందాం. మార్జిన్ 30 శాతమైతే చేతికి వచ్చే అప్పు రూ. 7 లక్షలు. మిగతా మూడు లక్షలు బ్యాంకు మిగుల్చుకున్నదని కొందరు వాపోతుంటారు. అది సరికాదు. ఆ భాగం సొంతదారుదే. ధర పడిపోతే అప్పుకు తగిన హామీ ఉండాలని వదిలిన జాగా మాత్రమే అది. అయితే ధర నిజంగానే పడిపోయినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. సరుకు విలువ రూ. 8 లక్షలకు దిగితే, అదే 30 శాతం చొప్పున అప్పు రూ. 5.60 లక్షలకు మించరాదు. తేడా రూ. 1.40 లక్షలు కట్టమనో, అదనపు సరుకు చూపమనో బ్యాంకు నోటీసు పంపవచ్చు. గిట్టుబాటు ధర కోసం సరుకు ఆపుకున్నవారికి, ధర లేని సమయంలోనే ఈ కబురు రావడం గమనార్హం.

ఇక ఫ్యూచర్స్ మార్జిన్. దీన్ని బయానాతో పోల్చి చెప్పడం బ్రోకర్ల అలవాటు. తెలంగాణలో బయానా అన్నా, కోస్తాలో బజానా అన్నా ఒకటే. కొనేవాడు మాట ఖాయం చేసుకుంటూ ముందుగా ఇచ్చే సొమ్ము, ఆఖరున ధరలో జమ అయ్యేది. ఫ్యూచర్స్ మార్జిన్‌ను కొనేవాడే గాక అమ్మేవాడు కూడా కట్టాలి. అది ధరలో భాగం కాదు, హామీ సొమ్ము. అన్నిటికంటే ముఖ్యంగా, బయానా ఒకసారి ఇస్తే సరిపోతుంది. మార్జిన్‌కు ఆ సదుపాయం లేదు. ప్రతిరోజూ ముగింపు ధరను బట్టి లాభనష్టాలు ఆ రోజుకారోజే ఖాతాలో పడతాయి.

పసుపు కాంట్రాక్టు లాటు 5 టన్నులు, అనగా 50 క్వింటాళ్లు. ఉదాహరణకు క్వింటాలు రూ. 14,000 చొప్పున ఒక లాటు కొంటే విలువ రూ. 7 లక్షలు. మార్జిన్ 12 శాతమైతే కట్టవలసింది రూ. 84,000. తొలిరోజు ధర రూ. 600 తగ్గితే సాయంత్రానికి రూ. 30,000 పోయినట్లే. మర్నాడు మరో రూ. 500 తగ్గితే ఇంకో రూ. 25,000. లోటు భర్తీ చేయమని బ్రోకరు నుంచి కబురు వస్తుంది. గడువులోగా కట్టకపోతే అతడు లాటును అమ్మివేస్తాడు. తర్వాత వారం ధర రూ. 15,000కు పుంజుకున్నా ఆ వ్యక్తికి ఒరిగేది లేదు. అంచనా సరైనదే అయినా, చేతిలో నగదు నిలవలేదు.

ఇది చిన్నవారికే పరిమితం కాదు. అమెరికాలో హంట్ సోదరులు వెండిని భారీగా కూడబెట్టగా 1980 జనవరిలో ఔన్సు ధర దాదాపు 50 డాలర్లకు ఎగబాకింది. ఎక్స్చేంజి నిబంధనలు బిగించడంతో మందీ మొదలైంది. మార్చి 27న వారు మార్జిన్ కట్టలేకపోవడంతో ఆ ఒక్కరోజే ధర సగానికి సగం పడి 11 డాలర్ల లోపుకు చేరింది. చమురు సంపన్నులకే నగదు అందలేదు!

స్పెక్యులేషన్ జోలికి పోకుండా కేవలం రక్షణ కోసం వచ్చిన రైతుకు కూడా ఈ ఇబ్బంది ఉన్నది. దీని గురించి చెప్పేవారు తక్కువ. 50 క్వింటాళ్ల పసుపు ఇంట్లో ఉన్న నిజామాబాద్ రైతు, ధర పడుతుందన్న భయంతో రూ. 14,000కు ఒక లాటు ముందుగా అమ్ముకున్నాడనుకుందాం. ధర రూ. 15,500కు పెరిగితే ఖాతాలో రూ. 75,000 నష్టం. ఇంట్లోని పసుపు విలువ కూడా అంతే పెరిగింది గదా అనవచ్చు. కాగితం మీద అది నిజమే. కాని పసుపు కొమ్ములు గోనెసంచుల్లో ఉంటాయి, బ్రోకరు అడిగేది నగదు. అది సమకూరక లాటు తిరిగి కొనుక్కుని బయటపడితే ఆ నష్టం ఖాయమవుతుంది. ఆ తర్వాత ధర రూ. 13,000కు దిగిందా, రెండువైపులా దెబ్బే. కనుక ఇటువంటి కాంట్రాక్టుకు దిగేవారు మొదటి మార్జిన్‌తో పాటు మరో అంత సొమ్మును విడిగా ఉంచుకోవడం మంచిది.

మార్జిన్ శాతం కూడా స్థిరం కాదు. ధరలు మితిమీరి ఊగినప్పుడు అదనపు మార్జిన్, ప్రత్యేక మార్జిన్ విధిస్తారు. గోరుచిక్కుడు జాతికి చెందిన గ్వార్ గింజల ధరలు అదుపు తప్పినప్పుడు 2012 మార్చిలో ఏకంగా ట్రేడింగ్‌నే నిలిపివేశారు. 2013 మే నెలలో గాని అది తిరిగి మొదలు కాలేదు. కాంట్రాక్టు గడువు దగ్గరపడి సరుకు అప్పగింత వేళ వచ్చేసరికి మార్జిన్ మరింత పెరుగుతుంది. సరుకు తీసుకునే ఉద్దేశం లేనివారు అప్పటికే బయటపడాలని దాని ఆంతర్యం. ఏ తేదీ నుంచి పెరుగుతుందో కాంట్రాక్టు నిబంధనల్లోనే ఉంటుంది. సంతకం పెట్టే ముందు అడిగి తెలుసుకోవలసిన తేదీ అదే.