ఆటలలో ఉద్దులు

2025వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమునందలి పోతినమల్లయ్యపాలెము మైదానమున స్త్రీల ప్రపంచకప్పు పోటీలలో భారతజట్టునకును ఆస్ట్రేలియాజట్టునకును జరిగిన క్రికెట్టు ఆటను మన సోదరీమణులు పెక్కుమంది చూచియే యుందురు. మనవారు 330 పరుగులు చేసిరి. ఆస్ట్రేలియావారు 49వ ఓవరున 331 చేసి గెలిచిరి. ఆనాడే ఆ మైదానమున నొక ప్రేక్షకశాలకు మిథాలీ రాజు పేరును, ఒక ద్వారమునకు రావి కల్పన పేరును పెట్టిరి. మనవా రోడిననేమి? గడియగడియకు త్రాసు ఇటునటు మొగ్గుచుండగా చూచినవారికి కలిగిన యుత్సాహము చిన్నది కాదు. సమానులకు సమానులు తారసపడినప్పుడే ఆట ఆట యగును.

ఈ మాట మన పల్లెలలోని ఆడపిల్లలకు క్రొత్తది కాదు. జట్లు విడదీయవలసినప్పుడు పిల్లలు ఉద్దులుగా ఏర్పడుట మనలో ననేకుల కనుభవమే. ఇద్దరు పెద్దలుగా నిలుతురు. తక్కినవారు తమతమ బలమునకు సరితూగిన దానిని వెదకుకొని, జంటలై యవ్వలకు పోయి, ఒకతె మల్లెపూవనియు నింకొకతె సంపెంగపూవనియు రహస్యముగా పేర్లు పెట్టుకొని, మెడలపై చేతులు వేసికొని తిరిగివచ్చి, "మల్లె కావలెనా, సంపెంగ కావలెనా?" యని యడుగుదురు. ఏ పూవు వెనుక నెవ్వరున్నారో పెద్దకు తెలియదు. కావున పక్షపాతమునకు చోటు లేదు. ఎవరికెవరు సమానులో నిర్ణయించినది ఆ పిల్లలే. కావున నింద మోపుటకు పరులు లేరు. పండితులు కూర్చుండి యాలోచించినను ఇంతకంటె చక్కని యుపాయమును కనిపెట్టగలరా యని మాకు సందేహము.

అయితే ఉద్దుల పద్ధతి ఒక్క సాయంకాలపు టాటకు చాలును గాని, నెలలతరబడి సాగు లీగు పోటీలకు చాలదు. విశాఖవంటి పట్టణమున రేవువారి కాలనీ, రైల్వేవారి కాలనీ, ఉక్కునగరము, నౌకాదళమువారి నివాసములు వేరువేరుగ నున్నవి. ఒక్కొక్క చోటి స్త్రీలు తమలో తామొక జట్టుగా ఏర్పడుట సహజము. కలసి నడచివచ్చి, కలసి ఆడి, కలసి యింటికి పోవు స్నేహితురాండ్రను మల్లె యొకవైపు, సంపెంగ యొకవైపు విడదీసినచో సగముమంది మరునాడు రారు. జట్లను చీల్చక, సమానమైన జట్లనే యొక తరగతిగా కూర్చుట మేలు.

ఇచట సాఫ్టుబాలు ఆటను దృష్టాంతముగా గైకొందుము. ఇది 1887లో అమెరికాలోని చికాగో నగరమున నొక పడవల క్లబ్బు గదిలో పుట్టినది. చుట్టి కట్టిన బాక్సింగు చేతితొడుగు బంతి, చీపురుకఱ్ఱ బ్యాటు. వంటింటి సామగ్రితో మొదలైన యాట గనుకనే కాబోలు, గృహిణుల కింత యనువుగ నున్నది! జట్టునకు 9 మంది, ఆటకు 7 ఇన్నింగులు, మూలమూలకు 60 అడుగుల నలుచదరము. క్రికెట్టునకు వలె దినమంతయు నక్కఱలేదు. 1996 మొదలు 2008 వఱకును, మరల టోక్యో క్రీడలలోను స్త్రీలకు ఒలింపిక్సులో నీ యాట యుండెను. 2028 లాస్ ఏంజెలెసు క్రీడలలో తిరిగి చేర్చిరి.

ఈ యాటలో తారతమ్యము త్వరగా బయటపడును. బంతి విసరునామె నేర్పరియైనచో ఎదుటి జట్టంతయు చేతులు ముడుచుకొనవలసినదే. స్త్రీల పోటీలలో ఆమె నిలుచు చోటు బ్యాటుదారునకు 43 అడుగుల దూరము. ఆరితేరినవారు విసరిన బంతి యా దూరమును అర సెకండుకంటె తక్కువ కాలములో దాటును. బిడ్డలతల్లియై పదియేండ్ల తరువాత మొదటిసారి మైదానమున నడుగిడిన గృహిణి అట్టి బంతి నెదుర్కొనవలెననుట క్రౌర్యము. ఆమె 20 పరుగుల తేడాతో నొకసారి యోడును, రెండుసార్లోడును, మూడవసారి "ఇంటిలో పనియున్నది" అని కబురంపును. ఆ పని యెట్టిదో మన కందఱకును తెలియును. మానిపించినది ఇల్లు కాదు, ఏర్పాటు. కావుననే క్రింది తరగతిలో బంతిని మెల్లగా, విల్లువలె వంగివచ్చునట్లు విసరు పద్ధతినే యుంచవలెనని మా యభిప్రాయము. తరగతుల విభజన యనగా పేర్లపట్టికను రెండుగా కోయుట మాత్రమే కాదు. అవసరమైనచో నియమములనుగూడ వేఱుచేయుట.

పిల్లల విషయమున వయస్సును బట్టి విభజింపవలెను. పెద్దల విషయమున వయస్సు మోసగించును. నలువదియేండ్ల మాజీ క్రీడాకారిణి ఇరువదియేండ్ల క్రొత్తదానిని సులభముగ నోడించును. బరువులెత్తు పోటీలలో దేహభారమును బట్టి తరగతు లుండుట న్యాయము. శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లేశ్వరి 1994లో 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను, 2000లో సిడ్నీ ఒలింపిక్సున 69 కిలోల తరగతిలో 240 కిలోలెత్తి కంచుపతకము గెలిచెను. అచ్చట త్రాసే న్యాయాధిపతి. సాఫ్టుబాలునకు అట్టి త్రాసు లేదు. ఆడించి చూచుటయే త్రాసు.

ఎనిమిది జట్లున్నవనుకొందము. అన్నియు అన్నింటితో నాడినచో 28 ఆటలు; ఉన్నది ఒక్క మైదానము, ఆదివారమునకు రెండాటలు, వెరసి 14 వారములు. పైగా అందులో సగము ఆటలు ఏకపక్షములే. దీనికి బదులు తెలిసినంతలో బలక్రమమును వ్రాసికొని, 1, 4, 5, 8 సంఖ్యల జట్లను ఒక గుంపుగను, 2, 3, 6, 7 జట్లను ఇంకొక గుంపుగను చేయవచ్చును. గుంపునకు ఆరు చొప్పున 12 ఆటలు ముగియగానే, ప్రతిగుంపునందు మొదటి రెండుజట్లు మీది తరగతికిని, కడపటి రెండును క్రింది తరగతికిని పోవును. ఇదివఱకు తమలో తామాడిన యాట ఫలితమును వెంట తీసికొని పోవుదురు గనుక, ఇక తరగతికి నాలుగేసి యాటలు చాలును. మొత్తము 20 ఆటలు, పది యాదివారములు. మన యూహలో తప్పున్నచో మొదటి యారువారములే సరిదిద్దును.

ఇందొక చిక్కు కలదు. క్రింది తరగతిలో సులభముగ కప్పు గెలువవచ్చునని బలముగల జట్టు కావలెనని యోడిన నేమి చేయుట? ఇది వట్టి శంక కాదు. 2012లో లండను ఒలింపిక్సున స్త్రీల బ్యాడ్మింటను జంటల పోటీలలో, తరువాతి దశయందు అనుకూలమైన ప్రత్యర్థి దొరకునని యోడజూచిన నాలుగు జంటలను, అనగా ఎనిమిదిమంది క్రీడాకారిణులను, పోటీనుండి వెడలగొట్టిరి. అదే పోటీలలో మన హైదరాబాదు గుత్తా జ్వాలయు, ఆమె జోడు అశ్వినీ పొన్నప్పయు మూడింట రెండాటలు గెలిచియు, ఒక్క పాయింటు తేడాచేత ముందంజ వేయలేకపోయిరి. తమ గుంపులోని ఇంకొక ఆటపై మనవారు ఫిర్యాదు చేసిరి గాని అది చెల్లలేదు. ఏర్పాటులో లొసుగున్నచో నిజాయితీగ నాడినవారికే నష్టము కలుగునని యిందువలన తెలియుచున్నది. ఇంగ్లండు ఫుట్‌బాలు లీగులో 1898లో స్టోకు, బర్న్లీ జట్లకు ఆట సరిసమానమైన చాలును, ఇద్దఱకును మీది తరగతిలో స్థానము దొరకును. ఇద్దఱును గోలు వేయకయే ముగించిరి. ఆ పిమ్మట అట్టి పరీక్షాపు టాటలు తీసివేసి, జట్లు తమ స్థానమును బట్టి తరగతులు మారు పద్ధతి పెట్టిరి.

కావున క్రింది తరగతిలో ప్రథమురాలైన జట్టు మరుసటి యేట తప్పక మీదికి పోవలెను, మీది తరగతిలో కడపటిది దిగవలెను. మంచి సమయము, అనగా ఎండ ముదురకముందు ఉదయపు టాటలు, మీది తరగతికే యీయవలెను. పాయింట్లు సరియైనప్పుడు పరుగుల తేడా చూడవలసివచ్చినచో, ఒక ఆటకు ఏడు పరుగులకు మించి లెక్కింపరాదు. లేనిచో ఓడినవారి నెత్తిపై ఇంకను పరుగులు పేర్చుటయే పనియగును. ఇక అరువు క్రీడాకారిణుల సంగతి. అంత్యపోటీనాడు ఎక్కడినుండియో మేనకోడలు సెలవులకు వచ్చును. ఆమె కాలేజిజట్టు నాయకురాలని తరువాత తెలియును! పేర్లపట్టికను మొదటి యాటకుముందే యిచ్చి ముద్రవేయించినచో ఇట్టి మేనకోడండ్రు ప్రేక్షకశాలలోనే కూర్చుందురు.

విశాఖయందు ఇంకొక న్యాయము కూడ పాటింపవలెను. దీనిని పురుషుల లీగులు మఱచుచుందురు. ఉక్కు కర్మాగారమున మూడు షిఫ్టులు నడచును. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన స్త్రీగాని, అట్టివానికి వండిపెట్టవలసిన యిల్లాలుగాని, తెల్లవారి ఆరుగంటలకు మైదానమున నుండలేదు. ఉక్కునగరమునుండి సముద్రతీరమునకు 20 కిలోమీటర్లకు పైబడిన దారి. ఎల్లప్పుడును దూరపుజట్టే ప్రయాణము చేయునట్లు పట్టిక వ్రాసినచో, అది బలమున సమానమైనను అలసటచేత నోడును. అందుచే సగము ఆదివారములు ఆట యటువైపున జరుగవలెను. షిఫ్టుల పట్టికను ముందుగా తెప్పించుకొని, దానిప్రక్కనే ఆటల పట్టికను వ్రాయవలెను.