గ్లూకోజ్ బాటిల్‌తో ఆకలి తీరదు
పెంపుడు కుక్క డీలా పడగానే గ్లూకోజ్ ఎక్కించమంటారు యజమానులు. కొన్ని సందర్భాల్లో అది ప్రాణం పోస్తుంది. మిగతా సందర్భాల్లో అసలు అవసరం వేరే ఉంటుంది

పశువైద్యుల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది: ''రెండు రోజులుగా ఏమీ తినడం లేదు డాక్టరు గారూ, ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండి.'' మనుషుల ఆస్పత్రుల నుంచి పాకిన నమ్మకమిది. నీరసమొస్తే చేతికి సెలైన్ పెట్టించుకునే ఇళ్లలో కుక్కకూ అదే వైద్యం కోరుకుంటున్నారు.

కానీ గ్లూకోజ్ తిండికి ప్రత్యామ్నాయం కాదని చిన్న లెక్క చెబుతుంది. లీటరు 5 శాతం ద్రావణంలో ఉండేది 50 గ్రాముల గ్లూకోజ్. దానివల్ల వచ్చే శక్తి సుమారు 170 కిలో కేలరీలు. 10 కిలోల కుక్క కదలకుండా పడుకున్నా రోజుకు దాదాపు 400 కిలో కేలరీలు కావాలి. అంటే రెండు లీటర్లకు పైగా ఎక్కించాలి. ఆ కుక్కకు మామూలుగా రోజుకు కావలసిన నీరు అందులో నాలుగో వంతే.

వాంతులు, విరేచనాలైతే సమస్య ఇంకోటి. 1978లో వెలుగుచూసిన పార్వో వైరస్ టీకాలు వేయించని కుక్కపిల్లలను ఇప్పటికీ బలి తీసుకుంటోంది. నెత్తుటి విరేచనాలతో నీరే కాదు, సోడియం, పొటాషియం కూడా పోతాయి. 10 కిలోల కుక్క 8 శాతం నీరు కోల్పోతే, ఆ లోటు 800 మిల్లీలీటర్లు. దాన్ని పూడ్చేది రింగర్ లాక్టేట్ వంటి లవణ ద్రావణం. ఉత్త గ్లూకోజ్ ద్రావణం ఎక్కిస్తే అందులోని చక్కెరను శరీరం వాడుకున్నాక మిగిలేది నీళ్లే. అవి రక్తనాళాల్లో నిలవకపోగా ఉన్న లవణాలనూ పలుచన చేస్తాయి. పరీక్షలో చక్కెర తగ్గినట్టు తేలితే లవణ ద్రావణానికే గ్లూకోజ్ కలుపుతారు.

గ్లూకోజ్ నిజంగా ప్రాణం నిలబెట్టేది రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు. చివావా, యార్క్‌షైర్ టెర్రియర్ వంటి బుల్లి జాతుల పిల్లల కాలేయంలో నిల్వలు తక్కువ. కొన్ని గంటలు పస్తుంటే చాలు, తూలుతాయి, వణుకుతాయి, మూర్ఛపోతాయి. మధుమేహమున్న కుక్కకు ఇన్సులిన్ ఎక్కువైనా, జైలిటాల్ కలిసిన షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ మింగినా ఇదే ప్రమాదం. డెసీలీటరుకు 60 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే ప్రమాదంగానే భావిస్తారు. అప్పుడు 50 శాతం గ్లూకోజ్‌ను పలుచన చేసి, నెమ్మదిగా సిరలోకి ఇస్తారు. డాక్టరు దగ్గరికి చేరేలోపు చిగుళ్లకు కాస్త తేనె రాయొచ్చు. స్పృహ లేని కుక్క నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు.

అసలు ముప్పు మందుల షాపులో బాటిల్ కొని, తెలిసినవాళ్లతో ఇంట్లోనే ఎక్కించడంలో ఉంది. గాఢ గ్లూకోజ్ సిర దాటి చర్మం కిందికి చేరితే కణజాలం దెబ్బతింటుంది. ద్రవం వేగంగా ఎక్కితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. గుండె జబ్బున్న పిల్లులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. చాలాకాలం పస్తులున్న వీధి కుక్కకు ఒక్కసారిగా గ్లూకోజ్ ఇస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోతాయి. భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం పశువైద్యం చేయాల్సింది రిజిస్టరైన వైద్యులే. సహాయకులు చిన్నపాటి సేవలు చేసినా అది వారి పర్యవేక్షణలోనే.

కాబట్టి యజమాని అడగాల్సినవి మూడే: రక్తంలో చక్కెర చూశారా? ఎక్కిస్తున్నది ఏ ద్రావణం? ఎంత, ఏ వేగంతో? గ్లూకోమీటర్‌తో చక్కెర తెలుసుకోవడానికి నిమిషం చాలు. ఆ తర్వాత గమనించాల్సింది చిగుళ్ల తడి, మూత్రం, ఊపిరి వేగం. వాంతులు తగ్గగానే కొద్దికొద్దిగా తిండి పెట్టాలి. ఇక పార్వో విషయంలో, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి టీకాలన్నీ సకాలంలో వేయిస్తే చాలా పిల్లలకు సెలైన్ స్టాండు అవసరమే రాదు.