బిడ్డలు మత్తు పాలుగాకుండ

బిడ్డలకు పదునాలుగు, పదునైదేండ్లు వచ్చుసరికి తల్లిమాటకంటె తోడివారి మాట రుచించుట లోకసహజము. మద్యము త్రాగుట, గంజాయి పీల్చుట మొదలగు దురభ్యాసములు తరచుగా ఆ యీడుననే యారంభమగుచున్నవి. తొలిసారి వానిని చేతికిచ్చువాడు పెక్కుమారులు బిడ్డ నమ్మిన స్నేహితుడే. మా డోన్ పట్టణము గుంతకల్లు, కర్నూలు, నంద్యాల దారులు కలియు రైల్వేజంక్షను. చదువులకై రైలెక్కి పోవు బిడ్డలవెంట మనము పోజాలము. మనము నేర్పిన బుద్ధియే పోవలెను.

చదువువలన అట్టి బలము కలుగునా యని సందేహింపవలదు. 1991లో నెల్లూరు జిల్లాయందు అక్షరాస్యతోద్యమము సాగినది. స్త్రీలు రాత్రిబడులలో చదివిన వాచకమున సారాయివలన చెడిన సంసారమును గూర్చిన పాఠ మొకటి యుండెను. అది తమ కథయే యని గ్రహించి దూబగుంట స్త్రీలు ఏకమై సారాదుకాణమును మూయించిరి. వర్ధినేని రోశమ్మగారి పేరు అందువలననే ప్రసిద్ధమయ్యెను. వారి విజయమే మరియొక పాఠమై యితర గ్రామములకు పోయెను. 1992లో ఉద్యమము జిల్లాయంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాయి నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలిపోయెను. శాసనము సడలినను ఇంట నేర్పిన చదువు సడలదు.

ఆ చదువు చెప్పుటలో బెదిరింపుకంటె కారణము చూపుట మేలు. మనుష్యుని మెదడు ఇంచుమించు 25 ఏండ్లవరకు పరిపక్వమగుచునే యుండును. మంచిచెడ్డల నాలోచించు భాగము కడపట పండును. కావున లేతవయసున మరగిన మత్తు శీఘ్రముగ వ్యసనమగును. కచుని కథయు చెప్పుడు. రాక్షసులు కచుని బూడిదను సురలో కలిపి యీయగా, శుక్రాచార్యునంతటివాడు ఎరుగక ప్రియశిష్యునే త్రాగివేసెను. పిమ్మట తానే సురాపానమును నిషేధించెను. అంతటి జ్ఞానినే మోసగించినది మనల నుపేక్షించునా యని బిడ్డ నడుగుడు. స్నేహితులు బలవంతపెట్టినపుడు “మా అమ్మ ఊరకుండదు” అని నెపము మనమీద వేసి తప్పించుకొనుమని నేర్పుడు.

బిడ్డచేత సీసాలు తెప్పింపరాదు. తండ్రి త్రాగుచుండిన యెడల కుమారునికి చెప్పు నీతి నిలువదు. ఈ మాట భర్తతో ఏకాంతమున శాంతముగ చెప్పవలెను.

నిద్రవేళలు మారుట, డబ్బు కనబడకపోవుట, స్నేహితుల పేళ్లు దాచుట గమనించినచో వెంటనే నింద మోపక, భోజనానంతరము చెంత గూర్చుండి యడుగుడు. వేరొక దుఃఖమును కారణము కావచ్చును. నిజమే యని తేలినచో కొట్టవలదు. కొట్టిన బిడ్డ ఆ స్నేహితులకడకే పోవును. పరువు పోవునని దాచుటవలన రోగము ముదురును. మానసికవైద్యునికడకు గొనిపొండు. 14446 అను సంఖ్యకు ఫోను చేసినను ఉచితముగ సలహా లభించును. జ్వరము వచ్చిన బిడ్డను దాచుకొనము గదా; ఈ రోగమునకును అట్లే చికిత్స చేయింపవలెను.