ఉత్సాహానికి దినచర్యే ఔషధం

1996 నవంబరు 6 నాటి తుపానుకు మురమళ్ళలో మా కొబ్బరితోట నేలకొరిగింది. నెలల తరబడి అటు అడుగు వేయడానికి మనసొప్పలేదు. రోగాన్ని పెంచేవాటిలో విషాదమే ప్రధానమని చరక సంహిత హెచ్చరిస్తుంది. మా ఊరి వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం జరుగుతుంది. ఉత్సాహం కలిగాక చేద్దామని అర్చకులు ఎదురుచూడరు కదా! నేనూ ఆ నియమమే పట్టాను. తొలకరి నుండి తెల్లవారుజామున లేచి, గోరువెచ్చని నువ్వులనూనెతో ఒళ్ళు మర్దించుకొని, రోజుకు ఒక్క గొయ్యి తవ్వి మొక్క నాటి, ఆపై స్నానం చేసేవాడిని. పని మొదలయ్యాక దాని వెనుకనే ఉత్సాహం వచ్చింది. ఆరేడేళ్ళకు తోట కాపుకొచ్చింది.

పాఠకులారా! ఉద్యోగమైనా, చదువైనా రోజుకు ఇంతని చిన్న పని నియమించుకోండి. నిరుత్సాహంతోపాటు నిద్ర, ఆకలి రెండు వారాలకు పైగా మందగిస్తే మాత్రం వైద్యుని సంప్రదించండి.