చేతి గురియా, తుపాకి గురియా?

ద్రోణాచార్యులు చెట్టుకొమ్మపై పక్షిబొమ్మను నిలిపి కురుకుమారులను పరీక్షించిన కథ మనమందఱము నెఱిగినదే. ఆ పరీక్ష శిష్యుల చూపునకు. వింటి మంచిచెడ్డల నాచార్యుఁ డడుగలేదు. ఇంగ్లండు దేశమున జోసెఫ్ విట్వర్తు అను యంత్రశిల్పి యిందుకు మాఱుగా చేతిని తొలగించి యాయుధమునే పరీక్షించెను. తుపాకి ప్రసంగము మన కేల యని సోదరీమణు లనవచ్చును. ఈ కథలో నొక రాణియు గలదు. ఆమెకు దక్కిన కీర్తిలో న్యాయ మెంతయో మనమే తూచి చూతము.

ఆ కాలపు తుపాకికి మందు మూతినుండియే పోయుదురు. పిమ్మట సీసపుగుండు నుంచి కడ్డీతో నడుగంట కూరుదురు. మందు కొంచెము హెచ్చినను, గుండు సరిగా దిగకున్నను, గొట్టమున వెనుకటి మసి పేరుకొన్నను గుండు త్రోవ తప్పును. కావున పరీక్షించువాఁడు ప్రతిసారియు మందు తూచియే పోయవలెను. ఇంత చేసినను, ఒక్క గుండు నడిచుక్కను దాఁకినంత మాత్రమున తుపాకి మంచిదనరాదు. అది యదృష్టము కావచ్చును. పది గుండ్లును చుక్కకు జానెడు దూరముననే యైనను ఒక్కచోట గుమిగూడెనేని తుపాకి మంచిదే. గొట్టముపై గురి చూచుటకై యుంచిన ముక్కును సవరించిన చాలును. ఒకటి చుక్కలోను తక్కినవి నలుదెసలను పడెనేని సవరించు నుపాయము లేదు. ప్రతిదినము నొక్కతీరున ఉప్పు హెచ్చుగా వేయు కోడలిని దిద్దవచ్చును. దినమున కొకతీరున వేయుదాని నేమి చేయగలము?

విట్వర్తు మాంచెస్టరు చెంత తన యింటి యావరణలో, గాలి సోఁకకుండ 500 గజముల పొడవున నొక పరీక్షాశాల కట్టించెను. 1854లో గాలివాన దానిని కూల్చివేయగా మరల నిలిపెను. గుండు పోవు దారిని కనిపెట్టుటకై నడుమనడుమ పలుచని కాగితపుతెరలు వ్రేలాడఁగట్టించెను. సైన్యమున నప్పుడు వాడుకలో నున్నది ఎన్ఫీల్డు తుపాకి. 1857లో మన సిపాయిలు క్రొవ్వు పూసిన తూటాలను నోటఁ గఱవనొల్లక తిరుగఁబడినది యీ తుపాకి తూటాల మూలముననే. దాని గొట్టములోని మెలి 78 అంగుళముల కొక చుట్టు. విట్వర్తు ఆఱుపలకల గొట్టమున 20 అంగుళములకే యొక చుట్టు. ఆ 1857లోనే హైత్ పట్టణమున రెంటిని పోల్చి చూచిరి. 500 గజముల దూరమున ఎన్ఫీల్డు గుండ్లు సగటున 2.24 అడుగులు చెదరగా, విట్వర్తు గుండ్లు 0.37 అడుగు మాత్రమే చెదరెను.

1860 జూలై 2న వింబుల్డనులో జాతీయ రైఫిలు సంఘపు తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించెను. విట్వర్తు తుపాకిని ఇనుపపీఠమున బిగించి ముందుగనే గురి కుదిర్చిరి. రాణి చేసిన పని పట్టుత్రాడు లాగుటయే. 400 గజముల దూరమున గుండు నడిచుక్కకు రెండంగుళముల లోపల తాఁకెను. జనులు రాణిని కొనియాడిరి. ఆ ప్రశంస పీఠమునకును దానిని కుదిర్చినవారికిని చెందవలసినది. అంతేకాదు, అదియు నొక్క గుండే. తుపాకి యోగ్యతకు సాక్ష్యము హైత్‌లో కాల్చిన గుండ్లు గాని యీ యొక్కటి గాదు.

ఇంతయైనను సైన్య మా తుపాకిని సాధారణముగా స్వీకరింపలేదు. వెల మిక్కిలి హెచ్చు. సన్నని గొట్టమునకు మసి త్వరగా పట్టును. 1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమున దక్షిణపక్షమువారు కొన్నింటిని తెప్పించుకొని, గురికాండ్రలో నేర్పరులకు మాత్రమే యిచ్చిరి. వారు దూరమునుండియే యెదిరిపక్షపు ఫిరంగివాండ్రను, సేనానులను పడఁగొట్టిరి.