ఇంటికి స్టీరియో నెన్నుకొనుట

చీర కొనునప్పుడు మనము పోగు లాగి చూతుము. అంచు త్రిప్పి చూతుము. వెలుతురులోనికి తెచ్చి మరల చూతుము. కుండ కొనునప్పుడు వ్రేలితో కొట్టి విందుము. ఇంతటి పరీక్షాశక్తి గల గృహిణులు సంగీతయంత్రము కొనవలసి వచ్చినప్పుడు మాత్రము “అది మగవారి పని” యని ప్రక్కకు తప్పుకొనుట మాకు వింతగా తోచుచున్నది. వారు దుకాణమునకు పోయి, ఏది యెక్కువ దీపములతో వెలుగునో దానిని తెత్తురు. కొన్నిదినములు ఇల్లంతయు దద్దరిల్లును. పిదప దానిమీద పూలకుండీ వచ్చి కూర్చుండును.

మా యింటనే ఇట్టిది జరిగినది. మా అమ్మగారు ముప్పది యేండ్లు బాలికలకు వీణ నేర్పినవారు. కీళ్ళనొప్పులచేత వ్రేళ్ళు వంగక వీణ మూలబడినది. వినుటయైనను మిగిలినది గదా యని ఆమె కొరకు ఒక సెట్టు కొంటిమి: అయిదు చిన్న స్పీకర్లు, మంద్రధ్వనికి వేరుగ ఒక పెద్దపెట్టె, అట్టమీద వేలకొలది వాట్లని అచ్చు. ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు పెట్టితిమి. అమ్మగారు రెండు నిమిషములు విని, “ఇది నాయుడుగారి కమాను కాదమ్మా, ఎవరో రేకు గీకుతున్నారు” అని లేచి పోయిరి. నెలదినములు ఆ గదిలోనికి రాలేదు. వినికిడి తగ్గినదేమో యని వైద్యునికి చూపితిమి. వయస్సుకు తగిన తగ్గుదలయే గాని సంగీతము వినుటకు ఆటంకము లేదని ఆయన చెప్పిరి. తప్పు యంత్రమునదే. ఇంకను దాపరికమేల, ఎన్నుకొన్న మాది.

అప్పటినుండి ఈ విషయమును శ్రద్ధగా తెలిసికొంటిమి. తెలిసినదానిలో ముఖ్యమైనది మొదటనే చెప్పెదము: నూరు రూపాయలు వెచ్చించువారు అందులో సగమునకు తక్కువ కాకుండ స్పీకర్లకే కేటాయింపవలెను. తక్కిన భాగములలో మంచిదానికిని సాధారణమైనదానికిని భేదము చెవికి అంతగా తెలియదు. స్పీకర్ల భేదము గుమ్మములో నిలిచినవారికి గూడ తెలియును.

స్టీరియో యనగా రెండు మార్గముల ధ్వని. మనకు చెవులు రెండగుటచేత ఏ శబ్దము ఎటనుండి వచ్చుచున్నదో తెలియుచున్నది. ఇంగ్లండున అలన్ బ్లూమ్‌లైన్ అను ఇంజనీరు 1931లో ఈ విధానమునకు పేటెంటు కోరెను. ఆయన సినిమాకు పోయినప్పుడు, తెరమీది మనిషి ఒకవైపు నుండగా మాట మరొకవైపునుండి వచ్చుట చూచి ఈ యూహ చేసెనని చెప్పుదురు. అయినను స్టీరియో పలకలు ఇండ్లకు వచ్చుటకు 1957, 1958 వరకు వేచియుండవలసి వచ్చినది. నాయుడుగారి కాలపు గ్రామఫోను పలకలు ఒక్క మార్గముననే నిండినవి. వానిని రెండు స్పీకర్లలో పెట్టినప్పుడు ఫిడేలు సరిగా నడుమనుండి వినవచ్చుటే సరియైన గుర్తు.

ఇక స్పీకర్లు. మంద్రధ్వని పలుకుటకు చాల గాలిని కదల్పవలెను గనుక దానికి వెడల్పైన కాగితపు గిన్నె కావలెను, దీనిని వూఫరందురు. తారధ్వని పలుకు చిన్నది ట్వీటరు. అయిదు లేక ఆరున్నర అంగుళముల వూఫరును, ఒక అంగుళపు ట్వీటరును గల జత మధ్యతరగతి వారి గదికి చాలును. మా మొదటి సెట్టులోని దోషము ఇచ్చటనే యున్నది. చిన్న స్పీకర్లు కొంతమేరకు మించి క్రిందికి దిగలేవు. పెద్దపెట్టె కొంతమేరకు మించి పైకి రాలేదు. సెకనుకు 200 స్పందనములకు అటునిటు ఒక ఖాళీ యేర్పడినది. స్త్రీ కంఠమునకును ఫిడేలునకును నిండుదనము నిచ్చునది ఆ చోటే. అది పోగా మిగిలినది అమ్మగారు చెప్పిన రేకు.

పెట్టెను వ్రేలికణుపుతో కొట్టి చూడుడు. కుండ ఖంగుమని మ్రోగవలెను, స్పీకరుపెట్టె మ్రోగరాదు. మొద్దుగ, పొట్టిగ పలికినచో అది మంచి పెట్టె. దుకాణమువాడు నవ్వినను కొట్టుడు.

వాట్ల మాట వచ్చినది గనుక ఒక మాయ చెప్పవలసియున్నది. చౌకసెట్ల అట్టలమీద పి.ఎం.పి.ఓ. అని అచ్చువేయు వేల వాట్లు క్షణకాలపు గొప్పలే. వానితో మనకు పని లేదు. ఆర్.ఎం.ఎస్. అని యుండు నిలకడ శక్తిని అడుగవలెను. శక్తి రెట్టింపైనను ధ్వని మూడు డెసిబెళ్ళే పెరుగును. అది స్వల్పమైన హెచ్చు. ఇంట మామూలుగా వినునప్పుడు సగటున ఒకటి రెండు వాట్లే వ్యయమగును. మృదంగపు దెబ్బలవంటి వానికి క్షణమాత్రము ఎక్కువ కావలెను. ప్రతి మార్గమునకు ముప్పది నలుబది వాట్ల ఆంప్లిఫయరు చాలును. స్పీకరుయొక్క గ్రహణశక్తిని మరువరాదు: 84 డెసిబెళ్ళ దానిని 90 డెసిబెళ్ళ దానితో సమముగ పలికింప నాలుగురెట్ల శక్తి కావలెను. స్పీకరు వెనుక వ్రాసిన ఓములు, 4 గాని 8 గాని, ఆంప్లిఫయరు మోయదగినవేనా యనియు చూడవలెను.

పాట వచ్చుచోటు విషయమై నేడు అంత చింత లేదు. 1982లో వెలువడిన సి.డి. సెకనుకు 44,100 మారులు ధ్వనిని కొలిచి దాచును; మనుష్యుని చెవి వినగల 20,000 స్పందనముల మేర అంతయు అందిమిడియున్నది. ఫోనునుండి బ్లూటూత్ మార్గమున పంపినప్పుడు ధ్వని కొంత కుదింపబడును. నష్టము స్వల్పమే గాని, తీగ తగిలింప వీలున్నచో తగిలించుటయే మేలు. పాత ఎల్.పి. పలకలున్నవారు ఫోనో సౌకర్యము గల ఆంప్లిఫయరును కొనవలెను. 78 చుట్ల పలకల గాడి వెడల్పైనది గనుక వానికి సూదియే వేరు. ఎల్.పి. సూదితో వానిని త్రిప్పి అమ్మమ్మనాటి పలకలను పాడుచేసికొనకుడు.

బంగారుపూత తీగలని వేలకు వేలు అడుగువారు గలరు. పది పండ్రెండడుగుల దూరమునకు ఇంటి కరెంటుపనిలో వాడు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగ చాలును. ఎరుపు ఎరుపునకు, నలుపు నలుపునకు రెండువైపులను ఒక్కరీతిగ కలుపవలెను. ఒకవైపు తారుమారైనచో మంద్రధ్వని సన్నగిల్లును, గాత్రము నడుమ నిలువక గదియంతయు చెదరిపోవును.

స్పీకర్లకు తరువాత గదియే గొప్పది. ఇది పూర్తిగ ఇల్లాలి చేతిలోనిది, కాసు ఖర్చు లేనిది. గదినడుమ నిలిచి చప్పట్లు కొట్టుడు. గణగణమని మారుమ్రోగినచో గచ్చుమీద జంపఖానా పరచుడు, కిటికీలకు దళసరి తెరలు కట్టుడు, ఎదుటి గోడకు పుస్తకాల బీరువా చేర్చుడు. స్పీకర్లను మూలలలో నుంచినచో మంద్రధ్వని ఉబ్బి, మాటలను మ్రింగును. పెద్దలకు మొదట తగ్గునది తారధ్వనుల వినికిడి. స, ష, త వంటి హల్లుల స్పష్టత అందేయుండును. అట్టివారియెదుట మంద్రమును హెచ్చించుట సాహిత్యమును చెరపుటయే. రెండు స్పీకర్లను గోడనుండి అడుగున్నర యెడముగ, తమలో తాము ఆరడుగుల దూరమున, ట్వీటరు కూర్చున్నవారి చెవియెత్తునకు వచ్చునట్లు అమర్చి, అంతే దూరమున కుర్చీ వేయవలెను. ఒకటి బీరువాపైనను, రెండవది మంచముక్రిందను ఉంచిన ఇండ్లను మేము చూచితిమి.

రెండవమారు కొనబోయినప్పుడు అమ్మగారిని వెంటబెట్టుకొని పోయితిమి. మాకు నోటికి వచ్చిన పాటలనే తీసికొంటిమి: ఒక స్త్రీ గాత్రము, ఒక వీణ, తంబురాశ్రుతి. రెండు జతలను పోల్చునప్పుడు ధ్వనిమట్టము సమానముగ నుండవలెను. లేనిచో బిగ్గరగా మ్రోగునదే చెవికి మేలనిపించును. ఈ కిటుకు అమ్మువారికి తెలియును. అమ్మగారు వీణమీద మీటు విడిచిన పిదప గమకము ఎంతసేపు నిలుచుచున్నదో దానినే విని, ఖరీదైన జతను కాదని, రెండవదానిని చూపిరి. ధర మొదటి సెట్టులో మూడువంతులే యైనది.

ఇప్పుడు దీపముపెట్టు వేళకు ఆమె తన కుర్చీలో నుందురు. మొన్న ఒక కచేరి పెట్టగా, పల్లవి నడుమ తాళము నాపి, “మృదంగం ఎడమకి జరిగిందేమిటే? నా కుర్చీ ఎవరు లాగారు?” అని అడిగిరి. చూడగా పిల్లలు ఆటలో దానిని జానెడు జరిపియుండిరి.